నెత్తి మీద నాచు

యాసిడ్ పోయకండి. వైరు బ్రష్షు ముట్టుకోకండి. ముందు డాబా ఎక్కి నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో చూడండి.

మే నెల, మిట్టమధ్యాహ్నం. అమలాపురం పక్కన మా ఊళ్ళో, మా ఇంటి డాబా మీద చెప్పుల్లేకుండా అడుగేస్తే కాలు బొబ్బలెక్కేలా ఉంది. అమ్మ ముందురోజు పెట్టిన పిండి వడియాలు పాత పంచె మీద పెళపెళలాడుతున్నాయి. పంచె పరిచిన నడిమధ్య భాగం శుభ్రంగానే ఉంది. పారపెట్ గోడ వారనే ఉంది అసలు సంగతి. మూరెడు వెడల్పున నల్లటి పొర, పెచ్చులు లేచి, గోటితో గీకితే మసిలా రాలుతోంది. ఆ పెచ్చుల మధ్య అక్కడక్కడా బూడిదరంగు మెత్తలు, ముట్టుకుంటే పొడిపొడి.

“ఇదంతా చచ్చిపోయిందిలే, ఊడ్చేస్తే సరి” అన్నాను.

అమ్మ ఏమీ అనలేదు. చేతిలో ఉన్న చెంబెడు నీళ్ళూ దాని మీద కుమ్మరించి, వెనక్కి తిరిగి వడియాలు కదపడంలో పడింది.

నేను అక్కడే గొంతుకూర్చుని చూశాను. రెండు మూడు నిమిషాలకే బూడిదరంగు మెత్తల్లో కదలిక మొదలైంది. ఒంటికి చుట్టుకుపోయి ఉన్న ఆవగింజంత ఆకులు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. బూడిదరంగు పోయి పచ్చగా, వానాకాలపు వరి ఆకుమడిని ఎత్తు నుంచి చూసినట్టుగా అయింది. పక్కనున్న నల్ల పెచ్చులు నీళ్ళు తాగి, అరగంట దాటేసరికి ఉబ్బి, నానిన సబ్జా గింజల్లా జిగురుకట్టాయి. నవంబరు తర్వాత మా ఊళ్ళో చెప్పుకోదగ్గ వాన పడలేదు. ఆర్నెల్ల ఎండ తిన్నాక కూడా వాటికి చెంబెడు నీళ్ళు సరిపోయాయి.

“చూశావా? చీపురుకి చస్తుందా అది” అంది అమ్మ, తల తిప్పకుండానే.

మూడువందల ఏళ్ళ కిందట ఇలాగే ఆశ్చర్యపోయినాయన ఒకడున్నాడు. హాలెండులోని డెల్ఫ్ట్‌లో బట్టల వ్యాపారం చేసిన ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్. కటకాలు తనే అరగదీసుకుని సూక్ష్మదర్శినులు చేసుకునేవాడు. 1702లో తన ఇంటి కప్పు నీళ్ళు జారే సీసపు తూములో ఎండిపోయిన మట్టి తీసి, నీళ్ళు కలిపి, కటకం కింద పెట్టాడు. ధూళి కణాల్లా పడి ఉన్నవి కాసేపటికి ఒళ్ళు విరుచుకుని ఈదడం మొదలెట్టాయి. వాటినిప్పుడు రోటిఫర్లంటున్నాం. కప్పు మీది నాచులో వీటితో పాటు నీటి ఎలుగులు కూడా ఉంటాయి. ఎనిమిది కాళ్ళతో, కంటికి ఆనీ ఆననంత ఉండే టార్డిగ్రేడ్లు. 2007లో ఐరోపా శాస్త్రవేత్తలు వీటిని ఫోటాన్ ఉపగ్రహంలో అంతరిక్షానికి పంపి, గాలీ తడీ లేని శూన్యంలో పదిరోజులు ఉంచి దించితే, చాలావరకు బతికే వచ్చాయి. అలాంటివి కాపురముంటున్న చోటికి నేను కొబ్బరి ఈనెల చీపురుతో యుద్ధానికి వెళ్ళానన్నమాట.

ఒకటే మాట, నాలుగైదు ప్రాణాలు

మనకి అన్నిటికీ కలిపి ఒకటే మాట, పాచి. పొద్దున్నే కడగని ముఖం పాచి ముఖం, నిన్నటి అన్నం పాచిపోయిన అన్నం, తెల్లారగట్ల వాకిలి ఊడ్చి అంట్లు తోమడం పాచిపని. మాటలోనే తీర్పు ఉంది, కడిగెయ్యమని. అందుకే కాబోలు, డాబా మీద ఉన్నదేమిటో చూడకుండానే చేతికి దొరికింది పోసేస్తాం. కాస్త వంగి చూస్తే అక్కడ ఒక్కటి కాదు, నాలుగైదు రకాల ప్రాణులుంటాయి. ఒక్కోదాని సంగతి ఒక్కోలా ఉంటుంది.

నల్లగా చారలు కట్టేది మురికి కాదు, పొగా కాదు. సయనోబాక్టీరియా. మన వ్యవసాయ శాఖ వాళ్ళ భాషలో నీలి ఆకుపచ్చ నాచు. మన ఎండకి మాడిపోకుండా ఇవి తమ చుట్టూ ఒక ముదురు గోధుమరంగు తొడుగు కట్టుకుంటాయి. ఆ రంగు పేరు సైటోనెమిన్. అతినీలలోహిత కిరణాలను అది ఆపేస్తుంది. అంటే మన డాబా నల్లగా కనపడేది వాటి గొడుగు రంగు వల్ల. పాత గుడి గోపురాల మీద, పాత బంగళాల ప్రహరీల మీద వానధార జారిన దారుల్లో కనిపించే నలుపులో చాలా భాగం ఇదే. ఈ జాతులన్నిటినీ వరసపెట్టి వర్ణించిన పెద్ద గ్రంథం మన దేశంలోనే వచ్చింది. మద్రాసులో పనిచేసిన టి.వి. దేశికాచారి రాసిన ‘సయనోఫైటా’, 1959లో.

జిగురుకట్టేది నాస్టాక్. ఇదీ ఆ కుటుంబమే. దీని మీద కాలేస్తే నేల కాలికింద నుంచి తప్పుకుంటుంది. వానాకాలంలో మన ఊళ్ళలో తుంటి ఎముకలు విరగ్గొట్టే వాటిలో దీనిదే పెద్ద చెయ్యి అని నా అనుమానం. తమాషా ఏమిటంటే, ఈ కుటుంబాన్నే మనం పొలంలో నెత్తిన పెట్టుకుంటాం. వరిచేలో నిలిచిన నీళ్ళలో ఈ నాచు గాలిలోని నత్రజనిని పట్టి మట్టికిస్తుందని 1939లో పి.కె. డే అనే శాస్త్రవేత్త చూపించాడు. అజొల్లా ఆకు మడతల్లో కాపురముండి పనిచేసేది కూడా దీని బంధువే. మా చేలో వెయ్యడానికి పొట్లాలు కొన్నాం. మా డాబా మీద ఊరికే వస్తే తిట్టుకుంటున్నాం.

పచ్చగా ముఖమల్ మెత్తలా ఉండేది అసలైన నాచు. మొక్కే, కానీ వేర్లు లేని మొక్క. నూలుపోగుల్లాంటివి నాలుగు పెట్టి పట్టుకుంటుందంతే, నీళ్ళు ఆకులతోనే తాగుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం భయం పోతుంది. నాచు స్లాబులోకి దిగిపోయి పగలగొట్టేస్తుందని అందరూ అంటారు గాని, దిగడానికి దానికి వేరే లేదు. దాని సంతానమంతా నీళ్ళ మీదే ఆధారపడింది. మగ కణం ఆడ కణం దగ్గరికి ఈదుకుంటూ పోవాలి, అందుకు పలచటి నీటి పొరైనా కావాలి. అందుకే తడి ఆరని చోట తప్ప మెత్త కట్టదు.

ఇక గుండ్రంగా, సున్నపు చుక్కల్లా, బూడిదరంగు బిళ్ళల్లా అతుక్కుని ఉండేవి లైకెన్లు. శిలీంధ్రమూ శైవలమూ (ఆల్గే) కలిసి చేసే ఉమ్మడి కాపురం. ఇవి చాలా నిదానంగా పెరుగుతాయి, కదిలిస్తే కదలవు. వీటి కోసం పెంకు గీరడం కన్నా ఊరుకోవడం మేలు. గోడలమీద ఇటుక రంగులో, నూగులా పట్టేది ట్రెంటిపోలియా. పేరుకి ఆకుపచ్చ నాచే, లోపలి కెరోటిన్ వల్ల నారింజ రంగులో కనపడుతుంది. 2001 జులైలో కేరళలో ఎర్ర వాన పడిందని దేశమంతా గోల పుట్టింది గుర్తుందా? పరీక్షించి చూస్తే ఆ నీటిలో ఉన్నవి ఈ ట్రెంటిపోలియా బీజాలేనని అక్కడి శాస్త్ర సంస్థలు నివేదిక ఇచ్చాయి.

వాటం

మా ఇంటికి రెండు కప్పులు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుఫాను కోనసీమలో ఇంటి కప్పుల చరిత్రని రెండుగా చీల్చింది. అంతకు ముందు మాది మండువా లోగిలి, నాలుగు వైపులా పెంకు. ఆ రాత్రి ముందుభాగం పెంకంతా కొబ్బరి చెట్ల మధ్యకి ఎగిరిపోయింది. మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరి నోట విన్నా ఒకటే మాట, స్లాబు. నాన్న కూడా ముందు భాగం పడగొట్టించి స్లాబు వేయించారు, వెనక భాగం పెంకే ఉంచారు. అందుకని పాచి రెండు అవతారాలూ మా ఇంట్లోనే చూడొచ్చు.

స్లాబు వేసిన మొదటి రెండేళ్ళు ఎక్కడా మరక లేదు. “సిమెంటు మంచిది” అని నాన్న మురిసిపోయారు. నిజానికి కొత్త కాంక్రీటు ఏదైనా అంతే. సున్నపు గుణం అందులో ఎంత గాఢంగా ఉంటుందంటే (పీహెచ్ పన్నెండున్నర పైమాటే) దాని మీద ఏదీ బతకదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు పైపొరతో కలిసి ఆ ఘాటుని విరిచేస్తుంది, పీహెచ్ తొమ్మిది దాకా దిగుతుంది. అప్పుడు నీలి ఆకుపచ్చ నాచుకి తలుపు తెరిచినట్టే. ప్రతి వేసవిలో డాబాకి సున్నం కొట్టించిన మన పెద్దవాళ్ళు పీహెచ్ అన్న మాట వినలేదు. ఆ ఘాటుని మాత్రం ఏటా తిరిగి పోసేవారు.

ఘాటు తగ్గినంత మాత్రాన డాబా అంతా పాచి పట్టదు. నీళ్ళు నిలిచిన చోటే పడుతుంది. తాపీమేస్త్రిల మాటల్లో నాకు బాగా నచ్చిన మాట ‘వాటం’. స్లాబు తూము వైపు ఒరిగి ఉండాల్సిన వాలు అది. పదడుగులకి కనీసం అంగుళంన్నర ఉండాలి. మా డాబాకి ఉత్తరం వైపు తూము పెట్టారు, వాటం ఈశాన్యానికి పోయింది. తూముకీ నీటికీ మధ్య మూడు మూరల దూరం. వాన వెలిశాక రెండు రోజులైనా అక్కడ నీళ్ళు నిలిచే ఉంటాయి, కాకులు స్నానం చేసి పోతుంటాయి.

నేను కనిపెట్టిన పరీక్ష కాదు గాని, సులువైనది. పెద్ద వాన వెలిసిన రెండు రోజుల తర్వాత సుద్దముక్క పట్టుకుని డాబా ఎక్కండి. ఇంకా నీళ్ళున్న ప్రతి మడుగు చుట్టూ గీత గీయండి. ఎండాక చూస్తే, మీ పాచి పటమూ ఆ సుద్ద గీతలూ ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి. కూర్చోని చోట మరో కారణం వెతకాలి. ట్యాంకు పొంగి జారే ధార కావచ్చు, పక్కింటి ఏసీ గొట్టం కావచ్చు, మధ్యాహ్నం దాకా ఎండ రానివ్వని మామిడికొమ్మ కావచ్చు. మా డాబా మీద ఇలాంటి కారణాలు అయిదు తేలాయి. మందు అవసరమైంది ఒక్కచోట. మిగతా నాలుగింటికీ ట్యాంకులో కొత్త బంతి, రెండు కొమ్మల నరికివేత, తూము నోట్లో ఇరుక్కున్న కొబ్బరి పీచు లాగెయ్యడం, ఒక బస్తా సిమెంటుతో వాటం సరిచెయ్యడం.

పెంకు మీద లెక్క వేరు

వెనక భాగం మీద ఉన్నది బెంగుళూరు పెంకు. అది పుట్టింది బెంగుళూరులో కాదు. 1865లో బేసెల్ మిషన్ తరఫున జార్జ్ ప్లెబ్‌స్ట్ అనే జర్మన్ మంగుళూరులో నేత్రావతి ఒడ్డు బంకమట్టితో మొదటి ఫ్యాక్టరీ పెట్టాడు. అది మన నోట్లో పడి బెంగుళూరు పెంకైంది. ఒకదాని గాడిలో ఒకటి కూర్చునే ఈ పెంకు తేలికైనది, నీళ్ళు చకచకా జారిపోతాయి. నాచుకి అంత సులువుగా లొంగదు. లొంగేది సరిగా కాలని పెంకు.

మా ఊళ్ళో పెంకు పని తెలిసిన పెద్ద మేస్త్రి ఒక్కడే మిగిలాడు. డెబ్బై దాటాయి. ఆయన పెంకు ఎంచే పద్ధతి చూడాలి. ఎడమ అరచేతిలో పెంకు నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో కొడతాడు. ఖణేల్‌మంటే పక్కన పెడతాడు. మొద్దుగా మోగితే అవతల పారేస్తాడు. “ఇది నీళ్ళు తాగుద్దండి. తాగిందానికి పాచి పడద్ది. పాచి పట్టిందాన్ని తవరు గీకుతారు. గీకితే పైతోలు పోయి ఇంకా తాగుద్ది” అన్నాడు. పెంకు మీద నాచు కథంతా ఆ నాలుగు ముక్కల్లో ఉంది. బట్టీలో కాలినప్పుడు పెంకు పైన గట్టిపడే సన్నటి పొరే దాని రక్ష. వైరు బ్రష్షు ముందు తీసేసేది దాన్నే.

మండువా వైపు వాలే పెంకు మీద నాచు ఎప్పుడూ ఎక్కువ. నాలుగు వైపులా కప్పు కమ్ముకుని ఉంటుంది, ఎండ వచ్చేది కాసేపే. ఉత్తరపు వాలుకీ అదే గతి. మనకి తుఫాను వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో సూర్యుడు దక్షిణానికి జరిగిపోయి ఉంటాడు, ఆ వాలుకి ఎండ ఏటవాలుగా రాసుకుపోతుందంతే. పెంకు మీద నాచు చేసే నష్టం బరువు వల్ల కాదు, అడ్డం వల్ల. రెండు పెంకులు కలిసే గాడిలో మెత్త కట్టిందంటే జారాల్సిన నీళ్ళు అక్కడ ఆగి, వెనక్కి ఎగబాకి, పెంకు కిందికి దిగుతాయి. కింద టేకు రీపరు తడుస్తుంది, ఆరదు, పుచ్చుతుంది. ఇంట్లో ఒక్క చుక్క కారక ముందే రీపరు సగం పోయుంటుంది.

మా చిన్నప్పుడు రెండు మూడేళ్ళకోసారి, చైత్ర వైశాఖాల్లో, పెంకు తిరగేయించేవాళ్ళు. వరసకి వరస దించి, కొబ్బరిపీచుతో తోమి, వాకిట్లో రెండువైపులా ఎండబెట్టి, పుచ్చిన రీపరు మార్చి, మళ్ళీ సర్దేవారు. నాచుకి మందు అనే మాటే వినలేదు. ఎండే మందు. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళు దాదాపు లేరు, చేయించేవాళ్ళకి తీరికా లేదు. పైగా కోతులు. పెద్ద మేస్త్రి వారం పాటు సర్దింది ఒక కోతుల గుంపు పావుగంటలో చదును చేసి పోతుంది.

యాసిడ్ పోసిన పాపం

ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయిదేళ్ళ కిందట, దసరాకి ఊరెళ్ళినప్పుడు, డాబా పాచిమీద పడి అమ్మ కాలు బెణికింది. కోపమొచ్చి పట్నంలో ఒక హార్డ్‌వేర్ కొట్టుకెళ్ళాను. కొట్టతను అడక్కుండానే బాత్‌రూమ్ యాసిడ్ సీసాలు ఆరు తీసిచ్చాడు. “పోసి వదిలెయ్యండి సార్, మళ్ళీ జన్మలో రాదు” అన్నాడు.

పోశాను. బుసబుసమని నురగ. నాచు చస్తోందని మురిసిపోయాను. కడిగాక డాబా కొత్త నేలలా మెరిసింది, ఫోటో తీసి చెల్లెళ్ళకి కూడా పంపాను. తర్వాత తెలిసింది, ఆ నురగ నాచుది కాదు, నా సిమెంటుది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం సున్నపు పదార్థాన్ని కరిగిస్తుంది, అప్పుడొచ్చే వాయువే ఆ బుసబుస. పైపొర కరిగి ఇసుక రేణువులు తేలాయి. అరచెయ్యి పెట్టి చూస్తే గరుకుకాగితం. మరుసటి వానాకాలానికి, ఆ గరుకు గుంటల్లో ప్రతిదాంట్లో తడి నిలిచి, ముందెప్పుడూ రానంత దట్టంగా పాచి వచ్చింది. ముందున్న మూరెడు పట్టీ అప్పటికి బారెడు అయింది.

ప్రెషర్ గొట్టంతో కొట్టించడం మరో ముచ్చట. వీడియోల్లో చూడ్డానికి కళ్ళకి పండగే. గట్టి గ్రానైట్ మెట్ల మీద సరే. పాత స్లాబు మీద అది వదులైన సిమెంటుని తవ్వి పోస్తుంది, పెంకు మీదైతే నీళ్ళని గాడిలోంచి ఎదురు ఎక్కించి నేరుగా రీపరు మీద పోస్తుంది. పురాతత్వ శాఖకి 1917 నుంచీ రసాయన విభాగం ఉంది. గుళ్ళ రాతిమీద నాచుకి వాళ్ళు వాడేది బాగా పలచన చేసిన అమోనియా, కొంచెం సున్నితమైన సబ్బు ద్రావణం, మెత్తటి నైలాన్ బ్రష్షు. వెయ్యేళ్ళ రాతికే అంత భయపడే చోట, పాతికేళ్ళ సిమెంటు మీద మనం సీసాలు సీసాలు కుమ్మరిస్తాం.

అయితే ఏం చెయ్యాలి? మా ఇంట్లో నాలుగేళ్ళుగా పనిచేస్తున్నది చెబుతాను.

మొదట పొడిగా ఉన్నప్పుడే, మార్చిలోనో ఏప్రిల్లోనో, ఎండిన మెత్తల్ని చెక్కగరిటెతో ఎత్తి తీసెయ్యాలి. తడిగా ఉన్నప్పుడు జిగురు, పొడిగా ఉంటే పెళ్ళ పెళ్ళగా ఊడొస్తుంది. తర్వాత బ్లీచింగు పౌడరు. పదిలీటర్ల బకెట్టుకి పావుకిలో కలిపి, అడుగున పిండి దిగేదాకా ఆగి, పైన తేటనే వాడాలి. చల్లబడ్డ సాయంత్రం, మడుగు గుర్తులున్న చోట మాత్రమే పోసి, పావుగంట, ఇరవై నిమిషాలు తడి ఆరనివ్వకుండా ఉంచి, కొబ్బరిపీచు చీపురుతో రుద్ది, పుష్కలంగా నీళ్ళతో కడిగెయ్యాలి. చేతులకి తొడుగులు, ముక్కుకి గుడ్డ. కింద తులసికోట ఉంటే ముందే తడిపి గోనె కప్పాలి. ఇంకుడు గుంటకో, తాగే నీళ్ళ తొట్టికో డాబా నీళ్ళు పోతుంటే ఆ గొట్టం ఆ రోజుకి విప్పెయ్యాలి. ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగానే చెప్పాలి. బ్లీచింగుతో యాసిడ్ గాని, అమోనియా గాని కలిస్తే ఊపిరి తీసే విషవాయువు పుడుతుంది. నిన్న యాసిడ్ పోసిన చోట ఇవాళ బ్లీచింగు పొయ్యకూడదు. ఇదైనా ఏడాదికి ఒక్కసారే. బ్లీచింగు వదిలే క్లోరైడు లోపలికి దిగితే స్లాబులోని ఇనుపచువ్వ తుప్పు పడుతుంది. అందుకే కడగడంలో పీనాసితనం పనికిరాదు.

రుద్దే ఓపిక లేనివాళ్ళకి, ఆసుపత్రి నేలలు తుడిచే మందుల్లో ఉండే బెంజాల్కోనియం క్లోరైడు దారి ఒకటుంది. పొడివాతావరణంలో చల్లి వదిలేస్తే కొన్ని వారాల్లో నాచు దానంతటదే గోధుమరంగు తిరిగి వానకి కొట్టుకుపోతుంది. నిదానం, కానీ కప్పుకి గాయం ఉండదు. చేపల చెరువులోకి ఆ నీళ్ళు పోకుండా చూసుకోవాలి.

రాగి సంగతి కూడా అడుగుతారు. 1885లో ఫ్రాన్సులో మిల్లార్డే అనే ఆచార్యుడు ద్రాక్షతోటల మీద మైలుతుత్తం, సున్నం కలిపి కొట్టి తెగులు ఆపాడు. అక్కడ బోర్డో పట్టణం పేరుతో బోర్డో మిశ్రమమైంది. దానికి ముందు దారిపక్క రైతులు దొంగలు ద్రాక్ష తెంపకుండా ఆకులు నీలంగా కనపడాలని అది చల్లేవారట, ఆ చెట్లకే తెగులు రాకపోవడం ఆయన కంటపడింది. కోనసీమలో కొబ్బరి మొవ్వుకుళ్ళుకి మనం కొట్టేది ఇదే. రాగి నాచుని చంపుతుందన్నది నిజం. కానీ డాబా నిండా తుత్తం కొట్టి, ఆ నీళ్ళు బోదెలోకి వదలడం నాకు మనసొప్పలేదు.

ఇదంతా అయ్యాకే రంగు గాని, వాటర్‌ఫ్రూఫింగు గాని. బతికున్న పాచి మీద తెల్ల పూత వేయిస్తే ఆర్నెల్లలో పొంగి అప్పడంలా లేస్తుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో, అయిదేళ్ళకి సరిపడా, కూల్ రూఫ్ విధానం తెచ్చింది. తెల్ల కప్పు ఎండని తిప్పికొట్టి ఇంటిని చల్లబరుస్తుందని. మంచిదే. ఆ తెల్లటి పూత కింద నీళ్ళు నిలిచే వాటం అలాగే ఉంటే, రెండు వానాకాలాలు గడిచేసరికి నల్లపొర కమ్మేసి, తిప్పికొట్టాల్సిన వేడిని పీల్చుకోవడం మొదలెడుతుంది.

రెండాకుల మొక్క

నాచుకి వేరు లేదని చెప్పాను. వేరున్నది దాని వెనకే వస్తుంది. మొదట నల్లపొర. దాని జిగురుకి గాలిలో దుమ్ము అంటుకుంటుంది. ఆ పిసరంత మట్టి మీద నాచు మెత్త కడుతుంది. మెత్తలో తడి నిలుస్తుంది. రావిపండు తిన్న గోరింకో, కోయిలో ఆ మెత్త మీద రెట్ట వేస్తుంది. ఇంకేముంది, నారుమడి సిద్ధం, విత్తనమూ పడింది.

మా ఊరి పెద్ద మేస్త్రికి నాచంటే కోపం లేదు. “ఆయ్, అదేం సేత్తదండి పాపం, నీళ్ళెక్కడున్నాయో సెప్తాది. దీన్ని సూడండి” అని పారపెట్ మూలలో, నాచు మెత్త మధ్యలోంచి లేచిన రెండాకుల రావిమొక్కని వేళ్ళతో పట్టి లాగాడు. మూడంగుళాల మొక్క. వేరు తెల్లటి దారంలా వస్తూనే ఉంది, జానెడు దాకా. “ఇయ్యాల దారం. మూడేళ్ళకి మోకు. ఆ తర్వాత స్లాబు దానిది, అద్దె మీది” అన్నాడు. దాన్ని కోస్తే లాభం లేదు, మళ్ళీ చిగురిస్తుంది. రెండాకులప్పుడే, వాన పడి తడిగా ఉన్న రోజు, వేరుతో సహా లాగాలి. మేము ఇప్పుడు డాబా ఎక్కితే నాచుని కాదు, ఆకుని వెతుకుతున్నాం.

న్యూజెర్సీ కప్పు మీద నల్ల చారలు

పెదనాన్న కూతురు న్యూజెర్సీలో ఇల్లు కొన్న నాలుగో ఏట, వాళ్ళ కాలనీ సంఘం నుంచి ఉత్తరం వచ్చింది. కప్పు మీద నల్ల చారలు, ముప్పై రోజుల్లో శుభ్రం చేయించకపోతే జరిమానా అని. “అన్నయ్యా, ఇక్కడ కూడానా పాచి!” అని ఫోను.

అక్కడి కప్పులు తారు పూసి, రాతిపలుకులు అద్దిన రేకుల్లాంటివి, షింగిల్స్ అంటారు. ఆ చారలు కూడా మన డాబా చుట్టాలే, గ్లియోకాప్సా అనే సయనోబాక్టీరియా. షింగిల్‌లో కలిపే సున్నపురాతి పొడి దానికి ఊతం. గాలివాటుగా ఒక ఇంటి మీంచి ఇంకో ఇంటికి పాకుతుంది, అందుకే సంఘాలకి అంత కంగారు. ప్రెషర్ గొట్టం పెడితే పైన పలుకులు రాలిపోయి కప్పు ఆయుష్షు తగ్గిపోతుంది. అక్కడి షింగిల్ తయారీదార్ల సంఘమే వద్దంటుంది, ఇంట్లో బట్టలకి వాడే బ్లీచు సగం, నీళ్ళు సగం కలిపి పావుగంటో ఇరవై నిమిషాలో ఉంచి మెల్లగా కడగమంటుంది. పొగగొట్టం చుట్టూ లోహపు పట్టీ ఉన్న చోట, దాని కింద చారలు లేకుండా శుభ్రంగా ఉంటుందని చెల్లెలు ఫోటో పంపింది. జింకు, రాగి లోహాల మీంచి జారిన వాననీటిలో కలిసే ఆవగింజంత లోహమే నాచుని ఆపుతుంది. అందుకే అక్కడ కప్పు కొప్పు వెంట జింకు పట్టీలు కొట్టిస్తారు.

చలిదేశాల వాళ్ళకి ఇంకో బాధ. నాచు పట్టి ఉంచిన నీరు పెంకు గుల్లల్లో గడ్డకట్టి, ఉబ్బి, పెంకుని పెచ్చులుగా లేపుతుంది. అందుకే అక్కడి సలహాల్లో నాచు అంటే అంత హడలు. మనకి గడ్డకట్టే చలి లేదు. వాళ్ళ వీడియో చూసి ఇక్కడ కంగారుపడి కప్పు గీకించుకున్న వాళ్ళని నలుగురిని చూశాను.

ఈ ఏడాది ఏప్రిల్లో పెద్ద మేస్త్రిని పిలిచి, మండువా వైపు పెంకు నాలుగు వరసలు దించి సర్దించాం. నిచ్చెన వాలు మీద పడుకోబెట్టి, వాసం ఉన్న చోటే పాదం మోపుతూ, ఆ వయసులో పిల్లిలా నడిచాడు. నన్ను మాత్రం పైకి రానివ్వలేదు. “తవరు కిందుండి పెంకు అందుకోండి బాబుగారూ, పైకొత్తే మాకు రెండు పన్లు” అన్నాడు.

మూడో రోజు సాయంత్రం డబ్బులు తీసుకుని దిగాక, గంపలో పోగేసి ఉన్న నాచు మెత్తల్ని పారబోయడానికి ఎత్తుతుంటే అడ్డం పడ్డాడు.

“అయ్యి నాకిచ్చెయ్యండి.”

“ఏం చేసుకుంటావ్?”

“మా కోడలు కడియం నర్సరీలో పన్జేత్తాదండి. ఆ బుల్లి బుల్లి చెట్ల కుండీల్లో మట్టి మీద పరుత్తారంట. గోనెసంచిలో వేసి తడుపుకుంటా పట్టుకెళ్తాను.”

అమ్మ లోపల్నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి గంప మీద చిలకరించింది.